పలచన అన్నందుకు

మొన్న హైదరాబాదులో మా చెల్లెలి మనవరాలు భోజనానికి పిలిస్తే పోయాను. తిండికి ముందు ఆ పిల్ల మొగుడు ఒక నల్లటి సీసా తెచ్చి, పొడుగు కాలున్న గ్లాసులో కొంచెం పోసుకుని, గుండ్రంగా తిప్పి, ముక్కు అందులో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అందరం ఏదో జరగబోతున్నట్టు చూస్తున్నాం. అతను కళ్ళు తెరిచి, "నేరేడు పండు. కొంచెం తోలు. చివర్లో పొగాకు," అన్నాడు. పక్కనున్న స్నేహితుడు, "అంటే చెప్పుల దుకాణంలో కూర్చుని తాగినట్టుంటుందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళ నవ్వు ఆగింది కానీ నాది ఆగలేదు. పొలమారింది. మనవరాలు నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చింది.

ఎందుకు నవ్వావని అడిగితే ఏం చెప్పను? ఆ అబ్బాయి చేసిన పనంతా, ఆ తిప్పడం, ఆ వాసన చూడడం, ఆ మూసుకున్న కళ్ళు, నేను నలభై ఏళ్ళకు పైగా వెనక జహీరాబాదులో, ఒక జొన్నల గదిలో చూశాను. చేసినామె మెడలో లింగకాయ ఉండేది. చుక్క ముట్టని ఇంట్లో పుట్టి, చుక్క ముట్టని ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి. ఆమె చేతిలో గాజు గ్లాసు బదులు వెండి గిన్నె ఉండేది, అంతే తేడా.

ఆమె పేరు రాయను. ఆ ఇంటివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. వీధి మొత్తం ఆమెను అవ్వ అనేది. నేనూ అదే అంటాను.

అవ్వ చేసేది ద్రాక్ష అరిష్టం. పిల్లను కన్న ఆడవాళ్ళకు, ఆకలి లేని ముసలివాళ్ళకు ఇచ్చే మందు. బీదర్‌లో ఒక వైద్యుడు ఆమె అత్తకు నేర్పాడట, అత్త ఈమెకు నేర్పింది. మొదట్లో అందులో పిప్పళ్ళు, మిరియాలు, దాల్చినచెక్క, ఏలకులు, పులియడానికి ఏవో ఎర్రటి ఎండు పూలు, బెల్లం, అన్నీ పడేవి. నేను ఆమెను ఎరిగేనాటికి పిప్పళ్ళు మానేసింది. ఘాటు అడ్డమొస్తున్నదంది. మరుసటి ఏడు మిరియాలు పోయాయి. తర్వాత దాల్చినచెక్క. "ఎందుకవ్వా?" అంటే, "అందరు ఒక్కసారి మాట్లాడితే ఎవలి మాట ఇనబడుతదే?" అనేది. చివరికి మందులోంచి మందు సామానంతా వెళ్ళిపోయి ద్రాక్ష ఒక్కటే మిగిలింది. పేరు మాత్రం అరిష్టమే.

ద్రాక్ష ఎక్కడిదంటే, బొంబాయి రోడ్డుది. ఎండలు మొదలయ్యేటప్పుడు షోలాపూర్ దిక్కు నుంచి హైదరాబాదుకు లారీలు వచ్చేవి. అడుగున ఉన్న పెట్టెల్లో నల్ల ద్రాక్ష నలిగి రసం కారేది. అది పట్నం చేరినా ఎవరూ కొనరు. చిరాగ్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆగిన డ్రైవర్లు ఆ పెట్టెలు దించేసేవాళ్ళు. అవ్వ పాలేరు బండి కట్టుకుని పోయి తెచ్చేవాడు. వెంట కందిరీగలు కూడా వచ్చేవి.

మేము వాళ్ళింటి వెనక భాగంలో అద్దెకు దిగినప్పుడు డెబ్బైలు అయిపోవస్తున్నాయి. నాకు ఇరవై నిండలేదు. మాది ఝరాసంగం దగ్గర పల్లె. మా ఆయన అవ్వ మరిది పప్పుల దుకాణంలో తూకం చూసేవాడు. దిగిన కొన్నాళ్ళకే అవ్వ నన్ను ద్రాక్ష కడగడానికి పిలిచింది. పని అయిపోయాక జొన్నల గదిలోకి తీసుకుపోయింది. ఆ గదిలో చీకటి. ఒక మూల నడుం ఎత్తు జొన్నపొట్టు. అందులో మెడ దాకా పాతిపెట్టిన జాడీలు, మూతులకు గుడ్డ కట్టి, మట్టి మెత్తి. ఒక పాత జాడీ మూత తీసి గిన్నెలో కొంచెం పోసి నా చేతికిచ్చింది.

"ఎట్లున్నది?"

"బాగున్నదవ్వా."

గిన్నె లాక్కుంది. "బాగున్నది అనేది రుచి గాదే పోరీ. అది అత్తగారింట్ల చెప్పే మాట. ఈడ అత్త లేదు. నిజం చెప్పు."

మళ్ళీ ఇచ్చింది. "పుల్లగున్నది," అన్నాను.

"నిమ్మకాయ గూడ పుల్లగుంటది. ఇది నిమ్మకాయనా?"

"కాదు."

"మరేంది?"

నాకు ఏడుపొచ్చింది. ద్రాక్ష కడిగినందుకు ఇంత పరీక్ష ఏమిటనిపించింది. ఇంకొంచెం నోట్లో పోసుకుని, ఏమొస్తే అది అనేశాను. "చిన్నప్పుడు వానల మా నాయిన గొంగట్ల దూరి, ఎవలు సూడకుంట నేరేడు పండ్లు తిన్న. గట్లున్నది."

అవ్వ చాలా గంభీరంగా అడిగింది. "గొంగడి తడిసిందా, ఎండిందా?"

"తడిసింది."

"ఆ! తడిసిందే. నేను గూడ నిన్నటి సంది అదే అనుకుంటున్న, తడిసిందా ఎండిందా అని."

ఆ రోజు నుంచి నేను ఆ గది మనిషినయ్యాను.

ఆమె రుచి చూసే పద్ధతి ఒక పూజలాగే ఉండేది. గిన్నెను కిటికీ వెలుతురుకు పట్టేది. ఒక పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, వెండి గోడ మీంచి ఆ ఎరుపు కిందికి ఎట్లా జారుతుందో చూసేది. నీళ్ళలా గబగబా జారితే మొహం ముడిచేది. మెల్లగా, మందంగా దిగితే నా మోచేయి గిల్లేది. "సూడు సూడు. నెలలు నిండిన ఆడిది మెట్లు దిగినట్టు దిగుతున్నది." తర్వాత వాసన. తర్వాత కొంగు తీసి లింగకాయ మీద కప్పి, "స్వామీ, జర కన్ను మూసుకో," అనేది. ఒక గుక్క తీసుకుని, బుగ్గలు అటూ ఇటూ ఆడించి, లేచి పోయి పెరట్లో దానిమ్మ చెట్టు మొదట్లో ఉమ్మేసేది. కొంగు తీసి, "ఇగ లేవు స్వామీ," అనేది.

"మింగితే తప్పు. మింగకపోతే రుచి సూసుడే," అనేది. ఆ చెట్టు దానిమ్మలు పండకముందే పగిలి పళ్ళు బయటపెట్టేవి. అవ్వ ఉమ్మిన అరిష్టానికి నవ్వుతున్నాయనేవారు. కొన్నాళ్ళకు నేను గమనించింది ఇంకొకటి. చెట్టు దగ్గరికి పోయే దారిలోనే అవ్వ గొంతు ఒకసారి కదిలేది. చెట్టుకు చేరేది చాలా తక్కువ.

జాడీలకు గుర్తులు పెట్టేది కాదు. మనుషుల్ని పెట్టేది. "ఇది మన పోస్టుమాస్టరు. వచ్చుడు మెల్లగ వస్తడు. కూసున్నడా, ఇగ లేవడు." "ఇది మా ఆడబిడ్డ. ముందుగాల తియ్యతియ్యగ పలకరిస్తది, పొయ్యేటప్పుడు గిచ్చి పోతది." "ఇది కొత్త అల్లుడు. సెంటు వాసన మస్తు, లోపల ఏం లేదు." వీధిలో పోస్టుమాస్టరు సైకిలు మీద పోతూ, "అవ్వా, బాగున్నవా?" అంటే, అవ్వ చేతులు జోడించి, "మీరు మంచిగ పండుతున్నరు సారూ," అనేది. ఆయన ఆశీర్వాదమనుకుని పోయేవాడు. నేను లోపలికి పరిగెత్తి జొన్నల గుమ్మి పట్టుకుని నవ్వేదాన్ని.

పలచటి రసమంటే ఆమెకు గిట్టేది కాదు. లావుగా ఉండాలి. నోట్లోకి రాగానే పీట వేసుకుని కూర్చోవాలి. నాలుకను కొంచెం గీరాలి, పోయాక కూడా పోయినట్టు అనిపించకూడదు. పలచగా తేలిన జాడీని ఆ ఏడు ఎవరికీ పోసేది కాదు. సిగ్గుపడి, చింతపండు కలిపి ఇత్తడి గిన్నెలు తోమించేది.

ఆ రోజుల్లో మా వీధి ఆడవాళ్ళందరికీ నడుం నొప్పులే. మధ్యాహ్నం మగవాళ్ళు గంజ్‌కు, అంటే ధాన్యం బజారుకు, పోయాక, ఒక్కొక్కరే నడుం పట్టుకుని వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక చిన్న గిన్నె. రెండోది కావాలంటే మొదటి దాని రుచి చెప్పాలి. "బాగున్నది" అన్నవాళ్ళను ఇంటికి పంపించేసేది. ఒకామె, "మా అత్త సందుగ తెరిచినప్పుడు వచ్చే వాసన," అన్నది. ఇంకొకామె, "అలిగి పండుకున్నోన్ని లేపితే సూసే సూపు లెక్కున్నది," అన్నది. అవ్వ తొడ మీద కొట్టుకుని, "ఈమెకు నిండ పొయ్యి!" అనేది. అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ ఏ సంగతిలోనూ నీకేమనిపిస్తుందని అడిగింది లేదు. వండేది మేము, ఉప్పు ఎక్కువైందని చెప్పేది వాళ్ళు.

అసలు గొడవ అక్కడి నుంచే వచ్చింది. అవ్వ తోటికోడలికి, అంటే ఆ మరిది భార్యకు, అందరికంటే నడుం నొప్పి ఎక్కువ. ఒక ఇంట్లో తొట్టెలలో వేసే పేరంటానికి పోయినప్పుడు, ఎవరో ఆమెను పలకరిస్తూ, "మీ సావ్‌కారు ఎంత నెమ్మది మనిషమ్మా," అన్నారు. గిన్నె చేతిలో లేకపోయినా ఆమెకు రుచి చెప్పడం అలవాటైపోయింది. "మా ఆయననా?" అని, నాలుక ఒకసారి చప్పరించి, "కందిపప్పు. పైకి నిగనిగ మెరుస్తడు. ఎంతసేపు వండినా ఉడకడు," అన్నది. తొట్టెలలో పిల్ల ఉలిక్కిపడి లేచేంత నవ్వు నవ్వారట అందరూ. ఆ మాట సాయంత్రానికి గంజ్ చేరింది.

మరుసటి రోజు మరిది వచ్చాడు. తెల్ల టోపీ, తెల్ల ధోవతి, మొహం కూడా తెల్లగానే ఉంది. అన్న పోయిన తర్వాత ఇంటి పెత్తనం అంతా ఆయనదే. చెడ్డవాడు కాదు. వదినకు ఏ లోటూ చేయలేదు. కానీ ఇంటి పరువు తానొక్కడే మోస్తున్నట్టు నడిచేవాడు.

"వదినా, ఆ అర్రల ఏమున్నది?"

"జొన్నలు."

"జొన్నల ఎనక?"

"జొన్నపొట్టు."

"పొట్టు కింద?"

"ఇంత కిందికి మీ అన్న గూడ ఎన్నడు అడగలే," అన్నది అవ్వ.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నవ్వులాట గాదు వదినా. మన ఇండ్లల్ల చుక్క ముట్టినోడు లేడు. ఊరంత నన్ను కందిపప్పు అంటున్నది. ఐతారం నాడు పెద్దమనుషులను పిలుస్తున్న. రుచి సూసి వాళ్ళే చెప్తరు. దవా అని తేలితే ఉంచుకో. సారాయి అని తేలిందా, జాడీలన్ని వాకిట్ల పలగ్గొడ్త. ఇగ ఈ ఇంట్ల ద్రాక్షపండు కాలు పెట్టది."

ఆ గది తప్ప ఆ ఇంట్లో అవ్వది అంటూ ఏమీ మిగల్లేదు. బీరువా తాళాలు తోటికోడలివి. వంట ఆమె కోడళ్ళది. ఆ వారమంతా ఆమె అన్నం సగం వదిలేసింది. ఒకసారి పొట్టులో కూర్చుని నాతో, "జాడీలు పోతే నేనేం జెయ్యాలె? జపమాల తిప్పుకుంట కూసోవాల్నా? ఎన్నిసార్లు తిప్పినా ఆ పూసలు ఒక్క తీరుగనే ఉంటయే," అన్నది. వెంటనే కళ్ళు చిట్లించింది. ఏదో తట్టినప్పుడు అట్లా చేసేది.

ఆదివారం వాన పడుతోంది. వసారాలో చాప పరిచారు. ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. ఒకాయన రిటైరైన హెడ్‌మాస్టరు, ఇంకొకాయన బట్టల దుకాణం సావ్‌కారు, మూడో ఆయన అవ్వకు వరసకు మామ. ఊళ్ళో వాళ్ళ కులానికంతా ఆయనే పెద్ద. చేతులు వణికేవి, చెవులు తనకు కావలసినప్పుడే వినిపించేవి. నాలుగోవాడు మరిది. అవ్వ తలుపు చాటున కొంగు కప్పుకుని నిలబడింది. నేను ఆ ఏడాది అన్నిటికంటే లావుగా తేలిన జాడీ విప్పి, స్టీలు గ్లాసుల్లో పోసి నలుగురి ముందూ పెట్టి, వెనక్కి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను.

"ఇగ సూసి చెప్పుండ్రి," అన్నాడు మరిది. "ఇది దవానా, సారాయా?"

గ్లాసులు లేచాయి. అప్పుడు తలుపు చాటు నుంచి అవ్వ గొంతు వచ్చింది, మహా వినయంగా.

"నాదొక్క మాట. నేను ఎన్నడు సారాయి ముట్టలే, నాకు దాని రుచి తెల్వదు. తెలిసినోల్లే చెప్పాలె. ఇది సారాయి అని చెప్పెటాయన, సారాయి తాను ఏడ తాగిండో, ఎవలతోని తాగిండో గూడ జర చెప్తే, మాకు నమ్మకం ఉంటది."

గ్లాసులు గాలిలో ఆగిపోయాయి.

హెడ్‌మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనైతే... పుస్తకాలల్ల చదివిన."

"చదివితే రుచి తెలుస్తదా సారూ?"

"తెల్వదమ్మా," అని ఒప్పుకున్నాడు ఆయన. ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, "దగ్గుకు ఇస్తరు సూడు, అట్లాంటిదేదో," అన్నాడు.

బట్టల సావ్‌కారు తాగి, పైకప్పు చూసి, "నేరేడు షర్బతు అక్కా. మా మేనత్త చేస్తుండె," అన్నాడు. తాగిన వేగం చూస్తే ఆ మేనత్త ఇంటికి చాలాసార్లు పోయినట్టుంది.

ముసలాయన గ్లాసు ఖాళీ చేసి ముందుకు చాపాడు. "నాకేం సమజైతలేదు కోడలా. ఇంకింత పొయ్యి."

తలుపు వెనక అవ్వ నా చేయి పట్టుకుని పిసుకుతోంది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక మిగిలింది మరిది. ఆయన ఒక గుక్క తాగాడు. అది ఏమిటో ఆయనకు తెలిసిందని మొహం చూస్తేనే అర్థమైంది. సారాయి అందామా, గంజ్‌లో పరువు పోతుంది. దవా అందామా, వదిన గెలుస్తుంది. కాసేపు ఆలోచించి గ్లాసు కింద పెట్టి, చేయి విదిలించాడు.

"సారాయి గాదు, దవా గాదు. ఉత్త రంగునీళ్ళు. పల్చగున్నది. ముసలితనానికి ఏదో కాలక్షేపం. ఉంచుకో వదినా, మాకేం ఫికర్ లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఉంచుకో అన్నాడు! జాడీలు దక్కాయి. "అయిపోయిందవ్వా, పా, లోపలికి పోదం," అని గుసగుసగా అన్నాను. ఆమె నోట్లోంచి కొంగు జారిపోయింది.

"ఏమన్నవు?" అన్నది మరిదితో.

"ఉంచుకో అన్న."

"దానికి ముందు."

"పల్చగున్నది అన్న."

నేను ఆమె కొంగు పట్టుకుని లాగాను. కొంగు నా చేతిలో ఉంది, ఆమె గడప దాటి పోయింది. మగవాళ్ళ ముందుకు, తల మీద కొంగు లేకుండా, ఆమె రావడం అదే మొదలు.

"పల్చగనా? నీ నాలిక మీద పప్పుల దుమ్ము పేరుకపోయింది. గిలాస పట్టు. పట్టు అంటున్న! తాగకు. ముందుగాల వాసన సూడు. ఎండకాలం పోయినంక ఎర్రమట్టి మీద తొలి వాన పడ్డ వాసన రాలే? దాని ఎనక కొత్త చెప్పుల తోలు. ఉన్నదా? ఇప్పుడు ఇంత నోట్లకు తీస్కో. మింగకు. నేరేడు పండు. మాగింది గాదు, రేపు మాగేది. నోట్ల పండ్లకు బరుకు తగుల్తున్నదా? అది గింజ, తోలు. కావాల్నని ఉంచిన. సూడు, నాలిక మీద ఎట్ల కూసున్నదో, పెద్దపటేల్ వచ్చి గద్దె మీద కూసున్నట్టు. పల్చటిదైతే కూసుంటదా? ఉరుకుతది. ఇగ మింగు. గొంతు దిగినంక ఛాతిల పొయ్యి ముట్టిచ్చినట్టు, నిమ్మళంగ, ఎచ్చగ, లేచిపోబుద్ది గాకుంట ఉంటది సూడు. ఇది పల్చగనా?"

ఆ దృశ్యం నేను చచ్చేదాకా మరిచిపోను. నలుగురూ, మరిదితో సహా, ఆమె చెప్పినట్టల్లా చేశారు. వాసన చూడమంటే చూశారు. నోట్లో పట్టమంటే పట్టారు. మింగమని ఆమె అనేదాకా బుగ్గలు పొంగించుకుని, చిన్నపిల్లల్లా ఆమె మొహం చూస్తూ కూర్చున్నారు. మింగాక హెడ్‌మాస్టరు మెల్లగా, "తోలు... ఉన్నది," అన్నాడు.

మరిదికి ముందుగా తెలివి వచ్చింది.

"గొంతు దిగినంక సంగతి నీకెట్ల ఎరుక వదినా? నువ్వు ఉమ్మేస్తవు గద?"

అవ్వ పెరట్లోకి చూసింది.

"దానిమ్మ చెట్టు చెప్పింది," అన్నది.

ముసలాయన ఒక్కడే కిసుక్కుమన్నాడు. ఆ నవ్వుకు కూడా ఎవరూ తోడు రాలేదు. అవ్వ జారిన కొంగు తీసి నడుముకు చెక్కుకుంది. "తాగిన. ఏడాదికేడాది తాగిన. సారాయే. నేనే చేసిన. పలగ్గొట్టుకోండ్రి. గాని పల్చగున్నదంటే మాత్రం ఒప్పుకోను."

లోపలికి వచ్చి తలుపు వేసుకుంది. నాకు కోపం, దుఃఖం రెండూ వచ్చాయి. ఒక్క మాట మింగి ఉంటే సరిపోయేది కదా! అరిష్టం మింగడం వచ్చిన మనిషికి మాట మింగడం రాకపోయింది.

బయట తీర్పు నడుస్తోంది. మరిది మాటిచ్చాడు కాబట్టి జాడీలు పోవాల్సిందే. కానీ వాకిట్లో పగలగొడితే మోరీలో పారుతుందని, ఆ మోరీ వీధంతా తిరిగి ఠాణా ముందు నుంచే పోతుందని బట్టల సావ్‌కారు అన్నాడు. వాసన దాగదు. చివరికి తలా ఒక జాడీ గప్‌చుప్‌గా తీసుకుపోయి, తమ తమ పొలాల్లో పారబోయాలని ఒప్పందమైంది.

"నాకు రెండియ్యుండ్రి," అన్నాడు ముసలాయన. "నా పొలం పెద్దది."

జాడీలకు గోనెసంచులు చుట్టి బండ్లలో ఎక్కించారు. ముసలాయన తనవి పాలేరుకు కూడా ఇవ్వకుండా చెరో తొడ మీద పెట్టుకున్నాడు. మేము రుచి చూపించిన ఆ మంచి జాడీ మరిదికి పోయింది. పోస్టుమాస్టరు, ఆడబిడ్డ, అల్లుడు, అందరూ వెళ్ళిపోయారు. పొట్టులో గుండ్రటి గుంటలు మిగిలాయి.

అవ్వ ఆ గుంటల మధ్య కూర్చునేది. నేనేం వండి పెట్టినా, "బాగున్నది," అనేది. చారు పెడితే బాగున్నది, ఉప్పు మరిచిపోయిన చారు పెట్టినా బాగున్నది. ఆమె నోట ఆ మాట వింటే నాకు భయం వేసేది.

ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర దగ్గు వినిపించింది. చూస్తే హెడ్‌మాస్టరు, గొడుగు చాటున మొహం దాచుకుని.

"అమ్మా, పారబోద్దమని మూత తీసిన. చేతికి జర అంటుకున్నది. చెయ్యి కడుక్కునే లోపల్నే నోట్లకు పోయింది. అందుల ఎండుమిరపకాయ వాసన ఉన్నట్టున్నది. ఒప్పా, తప్పా?"

అవ్వ తల ఎత్తకుండానే, "మిరపకాయ గాదు సారూ," అన్నది. "మిరప తొడిమ. మల్ల సూడుండ్రి."

"మల్ల సూస్త," అని ఆయన చాలా సంతోషంగా పోయాడు.

తర్వాత బట్టల సావ్‌కారు భార్యతో చెప్పి పంపాడు. కొత్త థాను విప్పినప్పుడు కొట్టే గంజి వాసన వస్తోందట, నిజమేనా అని. అది సగం ఒప్పు, థాను ఏ రంగుదో గూడ చెప్పమని అవ్వ తిరిగి కబురు పంపింది. ముసలాయన మనిషి వచ్చి, "తాతకు ఏ వాసనా తెలుస్తలేదట, రెండూ అయిపోయినయట," అన్నాడు. ఆ రోజు అవ్వ నా చారులో ఉప్పు తక్కువైందన్నది.

మరిది మాత్రం రాలేదు. ఎదురుపడితే తల దించుకుని పోయేవాడు. "వాడు మాట తప్పేటోడు గాదు. పారబోసే ఉంటడు," అనేది అవ్వ. అది ఆ ఏడాదికల్లా మంచి జాడీ. ఆ మాట అన్నప్పుడల్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకునేది.

దసరా తర్వాత జాడీలు తిరిగి రావడం మొదలైంది. మా దిక్కు ఎవరి గిన్నె అయినా తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరు, ఏదో ఒకటి వేసి ఇస్తారు. హెడ్‌మాస్టరు జాడీలో గుప్పెడు చక్కెర ఉంది. బట్టల సావ్‌కారు జాడీలో మడిచిన రవికె గుడ్డ. ముసలాయన రెండిట్లోనూ చెరో కొబ్బరికాయ.

మరిది అందరికంటే చివర వచ్చాడు. దుకాణం తెరిచి ఉండే వేళ, నెత్తి మీద టోపీ లేదు, జాడీని రెండు చేతులా మోసుకొచ్చి జొన్నల గది గడప మీద దించాడు. నేను పొట్టు జల్లిస్తూ అక్కడే ఉన్నాను.

"పారబోసినవా?" అన్నది అవ్వ.

"పారబోసిన."

"ఏడ?"

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు తిరిగాను.

"కొద్దికొద్దిగ పారబోసిన వదినా."

"ఎట్లుండె?"

ఆయన అలవాటు లేని పని చేస్తున్నట్టు, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ అన్నాడు. "అన్న... అంగడికి పోయొచ్చి అంగీ ఇడిసి కొయ్యకు తగిలిస్తుండె సూడు. ఎండకు ఎండి, చెమటకు తడిసి... గా అంగీ లెక్క."

అందరి రుచులూ దిద్దే అవ్వ దాన్ని దిద్దలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, జాడీని తన వైపు లాక్కుంది.

"బరువున్నదేంది?"

"ఖాళీది ఇయ్యొద్దు గద వదినా. చేతికి దొరికింది ఏసిన."

ఆమె గుడ్డ విప్పింది. మెడ దాకా నల్ల కిస్మిస్. పచ్చి ద్రాక్ష లేని రోజుల్లో అరిష్టానికి వేసేది అదే. అంత కిస్మిస్ చేతికి దొరకాలంటే గంజ్‌లో ఎన్ని దుకాణాలు తిరగాలో మా ఆయన నాకు తర్వాత చెప్పాడు.

అవ్వ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది. మేమిద్దరం ఆమె మొహం చూస్తూ నిలబడ్డాం. ఆయన చేతులు కట్టుకున్నాడు.

"నాసిరకం," అన్నది అవ్వ కళ్ళు తెరిచి. "పోయినేడాదివి. తొడిమలు గూడ తియ్యలే. దీంతోని ఏం జేసినా పల్చగనే అయితది. ఇంత పెద్ద దుకాణం పెట్టుకొని వదినకు తెచ్చేటియి ఇవేనా?"

మరిది వంగి, జాడీని మళ్ళీ రెండు చేతులా ఎత్తుకుని, మార్చి తేవడానికి గంజ్ దారి పట్టాడు.